ఆండీస్‌కి పిల్లల్ని పంపాలనుకుంటే: కుస్కో, పవిత్ర లోయ, టిటికాకా, ఒటవాలోల్లో ఏది ఎవరికి సరిపోతుంది?

జనవరి వచ్చిందంటే మా డాలస్ చుట్టుపక్కల తెలుగిళ్ళల్లో ఇదే మాట. "మావాడు వచ్చే ఏడు ట్వెల్త్‌కి వస్తాడు, సమ్మర్‌లో పెరూ వాలంటీర్ ట్రిప్ ఒకటి ఉందట, పంపొచ్చా వదినా?" అని ఫోన్లు. ఈసారి హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు కూడా అడిగింది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలకి ఇద్దరు పిల్లల్ని రెండు రకాల కార్యక్రమాలకు పంపాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను. మా పెద్దమ్మాయి పెరూలోని కుస్కో నగరంలో ఉండే 10 రోజుల ప్యాకేజీకి వెళ్ళింది. మూడేళ్ళ తర్వాత రెండోవాడు ఒయాంటాయ్‌టాంబో పైనున్న ఒక పల్లెలో, ఒక రైతు కుటుంబంతో 18 రోజులు ఉండి వచ్చాడు. ఇద్దరికీ అయిన ఖర్చు దాదాపు ఒకటే. ఇంటికి తెచ్చుకున్నదాంట్లో మాత్రం పోలికే లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పదిహేను, పదహారేళ్ళ పిల్లలకు మేస్త్రీ పని రాదు, వైద్యం రాదు, పాఠం చెప్పడం రాదు, చాలామందికి అక్కడి భాష కూడా రాదు. వాళ్ళు వెళ్ళేది నేర్చుకోవడానికి. ఆ మాట ఒప్పుకుని, ఊరివాళ్ళను గురువులుగా పెట్టి, వాళ్ళకు డబ్బిచ్చి నడిపే కార్యక్రమం దొరికితే పంపండి. "మీ పిల్లలు అక్కడి జీవితాలను మార్చేస్తారు" అని చెప్పేవాళ్ళ దగ్గర ఆగి, నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగండి.

మన ముందుకు సాధారణంగా నాలుగు రకాలు వస్తాయి. మొదటిది కుస్కో నగరంలో హాస్టల్‌లోనో గెస్ట్‌హౌస్‌లోనో ఉంచి, పొద్దున పని, మధ్యాహ్నం ఊరు చూపించడం, చివర్లో ఇంకా రాజుల నాటి కొండ నగరం మచు పిచ్చు. రెండోది ఉరుబాంబ నది వెంట ఉండే పవిత్ర లోయలో, అంటే పిసాక్, ఉరుబాంబ, ఒయాంటాయ్‌టాంబో వైపు, ఇళ్ళల్లో ఉంచి వ్యవసాయం, నేత, స్పానిష్ నేర్పడం. మూడోది టిటికాకా సరస్సు మీది అమంతాని, తకీలె దీవులు. నాలుగోది పెరూ వదిలి ఎక్వడార్‌లో, కీటో నగరానికి ఉత్తరంగా రెండు గంటల దూరంలో ఉన్న ఒటవాలో.

ముందు చూడాల్సింది పిల్లలతో ఏ పని చేయిస్తారన్నది

మా అమ్మాయి వెళ్ళిన ప్యాకేజీలో ఒక బడి గోడకు రంగులు వేయడం పని. నాలుగు పొద్దుటిపూటలు, పన్నెండు మంది పిల్లలు, పసుపు రంగు. మూడోరోజు గోడ మూలన పెచ్చు ఊడితే గోటితో గీకి చూసిందట. పసుపు కింద నీలం. నీలం కింద ఆకుపచ్చ. వేసవికో బృందం వచ్చి అదే గోడకు రంగు వేసి ఫోటో దిగి వెళ్తోందని దానికి అప్పుడు అర్థమైంది. ఆ రాత్రి ఫోన్ చేసి "అమ్మా, వాళ్ళకి గోడ అక్కర్లేదు, మాకే కావాలి" అంది. దాని గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మనం కట్టిన డబ్బు కంటే, పిల్ల మనసులో పడిన ఆ చిన్నతనం ఎక్కువ బాధపెట్టింది.

అందుకే పని గురించి నేనడిగే మొదటి ప్రశ్న: ఈ పని కావాలని ఎవరు అడిగారు? ఊరి కమ్యూనిటీ సభ అడిగిందా, కంపెనీ ప్లాన్‌లో ఉందా? రెండోది: పోయిన ఏడాది ఇదే చోట వచ్చిన పిల్లలు ఏం చేశారు? మీ పిల్లలు వెళ్ళిపోయాక దీన్ని ఎవరు చూసుకుంటారు? ఉదాహరణకి పొగ తగ్గించే మెరుగైన మట్టి పొయ్యిలు కట్టడం అక్కడ చాలాచోట్ల ఉండే పని, మంచి పని కూడా. కానీ పొయ్యి కట్టి వదిలేస్తే ఏడాదికి గొట్టం మసిపట్టి మూసుకుపోతుంది. ఆర్నెల్ల తర్వాత వచ్చి చూసే స్థానిక మనిషి ఉన్నాడంటే ఆ పనికి విలువ ఉంది.

బడుల్లో ఇంగ్లీషు చెప్పడం అనేది ఇంకొకటి. ఇక్కడ తేదీలు చూసుకోవాలి. పెరూలో బడి సంవత్సరం మార్చిలో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. జూలై 28 వాళ్ళ స్వాతంత్ర్య దినం, ఆ చుట్టుపక్కల రెండు వారాల సెలవులు. జూలై చివర్లో "పెరూ బడిలో బోధన" అంటూ ఎవరైనా అమ్ముతుంటే ఆ రోజుల్లో బడి తెరిచి ఉంటుందా అని అడగండి. ఎక్వడార్ కొండ ప్రాంతాల్లోనైతే చదువు సెప్టెంబరులో మొదలై జూన్, జూలై మొదటికల్లా అయిపోతుంది, కాబట్టి ఒటవాలోలో జూలై, ఆగస్టుల్లో బడులు మూసే ఉంటాయి. ఇంత చిన్న విషయం చూసుకోని సంస్థ మిగతావి ఎంత చూసుకుంటుందో మీరే ఊహించండి.

అనాథాశ్రమాల్లో సేవ అని ఉంటే మాత్రం నేను చర్చే పెట్టను, వద్దంటాను. వారానికొకరు వచ్చి ఎత్తుకుని ముద్దు చేసి వెళ్ళిపోతుంటే ఆ పసిపిల్లలు ప్రతిసారీ ఒకరిని పోగొట్టుకుంటారు. సందర్శకుల డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా తెచ్చి ఆశ్రమాల్లో పెట్టే వ్యాపారం చాలా దేశాల్లో బయటపడింది. 2018లో ఆస్ట్రేలియా తన ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు దీన్ని కూడా బానిసత్వం కిందే లెక్కలోకి తీసుకుంది. మన పిల్లల్లో ఎవరినైనా ముక్కూమొహం తెలియని విదేశీ టీనేజర్ చేతికి అప్పగిస్తామా? అక్కడి పిల్లల విషయంలోనూ అంతే.

మరి మంచి పని ఎలా ఉంటుంది? మావాడి మొదటి వారమంతా బంగాళాదుంపలే. మే, జూన్ నెలలు అక్కడ దుంపలు తవ్వే కాలం. ఒక మధ్యాహ్నం ఆ ఇంటి పెద్దాయన చేలోని మట్టిపెళ్ళలే ఏరి, చిన్న గుమ్మటంలా పేర్చి, లోపల మంట పెట్టాడట. పెళ్ళలు బాగా కాలి రంగు మారాక కొత్త దుంపలు లోపలికి దొర్లించి, ఆ గుమ్మటాన్నే కూల్చి, మట్టి కప్పేశాడు. కాసేపటికి తవ్వి తీస్తే దుంపలు తొక్కతో సహా పొగలు కక్కుతూ ఉన్నాయి. దాన్ని వాతియా అంటారు. నంజుకోవడానికి రోకోటో మిరపకాయ, వాకతాయ్ అనే ఆకు కలిపి రాతి మీద నూరిన పచ్చడి. ఆ రాయి పేరు బతాన్, చూస్తే మన సన్నికల్లుకి చుట్టమే. మావాడు ఆ పూట చేసిన "సేవ" ఏమిటంటే ఎనిమిది బస్తాలు మోయడం. రెండు బస్తాలకే నడుం పట్టేసిందని, ఆ ఇంటి పన్నెండేళ్ళ పిల్ల తనకంటే ఎక్కువ మోసిందని చెప్పాడు.

ఒకరి చేలో ఒకరు పని చేసుకోవడాన్ని వాళ్ళు ఐని అంటారు. మన ఊళ్ళల్లో బదులు కూలీకి వెళ్ళినట్టే, ఇవాళ నీ చేనుకి నేను, రేపు నా చేనుకి నువ్వు. ఊరంతా కలిసి కాలవ బాగుచేసుకుంటే అది మింక, ఎక్వడార్‌లో మింగ. కుస్కోకి దక్షిణాన కానాస్ ప్రాంతంలో కేస్వాచాక అని గడ్డితో పేనిన తాళ్ళ వంతెన ఉంది. దాన్ని ఏటా జూన్‌లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి కొత్తగా అల్లుతారు. యునెస్కో 2013లో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. పని చేసి చూపించి, పిల్లల్ని పక్కన నిలబెట్టి నేర్పించే ఇలాంటి చోట్ల పిల్లలు తామెంతటివాళ్ళో తెలుసుకుని వస్తారు. ఒయాంటాయ్‌టాంబో వైపు, కుస్కోకీ లోయకీ మధ్యనున్న చించేరో వైపు ఇళ్ళల్లో ఉంచే కార్యక్రమాలను నేను మొదటి స్థానంలో పెట్టడానికి ఇదే కారణం.

చించేరో నేత గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. నాగజెముడు జాతి మొక్క మీద తెల్లని బూజులా పట్టే కొచినియా అనే పురుగు ఉంటుంది. ఎండబెట్టిన ఆ పురుగును అరచేతిలో నలిపితే చిక్కటి ఎరుపు. దానిమీద నిమ్మరసం రెండు చుక్కలు పిండితే కళ్ళముందే నారింజ రంగుకి తిరుగుతుంది. పెడనలో కలంకారీ రంగులు ఉడికించడం చూసినవాళ్ళకు ఆ వాసనా, ఆ ఓపికా రెండూ తెలిసినవే అనిపిస్తాయి. నడుముకు కట్టుకునే మగ్గం మీద నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ నేయడానికి మావాడికి ఐదు రోజులు పట్టింది. చించేరోకే చెందిన నిల్డా కల్యానౌపా 1996లో మరికొందరితో కలిసి కుస్కోలో సంప్రదాయ వస్త్రాల కేంద్రం పెట్టి, పల్లెల నేతగాళ్ళకు పాత నమూనాలు మళ్ళీ చేతికొచ్చేలా చేసింది. మీరు చూస్తున్న కార్యక్రమంలో నేత ఉంటే, నేర్పే ఆడవాళ్ళకు గంటకో రోజుకో ఎంతిస్తారో అడగండి. ఆ జవాబు తడబడకుండా రావాలి.

ఎత్తు: ఇక్కడ తొందరపడితే ట్రిప్ మొత్తం పాడవుతుంది

కుస్కో సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, మన లేహ్‌తో దాదాపు సమానం. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. అరకు లోయ చలికే రగ్గు కప్పుకునే మనకు ఆ ఎత్తు అలవాటు లేనిది. అరకు ఎత్తు 900 మీటర్ల పైచిలుకు మాత్రమే. పెరూ రాజధాని లీమా సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడ విమానం ఎక్కితే గంటన్నర లోపు కుస్కోలో దిగుతారు. శరీరానికి సర్దుకునే వ్యవధే ఉండదు. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం. దీన్ని అక్కడ సొరోచె అంటారు.

అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సలహా ఏమిటంటే, మొదటి రాత్రే 2,750 మీటర్లు దాటిన చోట పడుకోకుండా చూసుకోవాలి, 3,000 దాటాక రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ ఎత్తుకి పడక మార్చకూడదు. ఈ లెక్కతో నాలుగు చోట్లనూ చూడండి. ఒటవాలో 2,500 మీటర్లు, అన్నిటికంటే తేలిక. ఒయాంటాయ్‌టాంబో 2,800, ఉరుబాంబ 2,870. కుస్కో 3,400. చించేరో 3,760. టిటికాకా సరస్సు నీళ్ళే 3,812 మీటర్ల ఎత్తున ఉన్నాయి, దీవుల మీది ఇళ్ళు ఇంకా పైన. విచిత్రం ఏమిటంటే అందరూ భయపడే మచు పిచ్చు 2,430 మీటర్లే, కుస్కో కంటే దాదాపు కిలోమీటరు కింద.

కాబట్టి మంచి సంస్థ అయితే కుస్కో విమానాశ్రయం నుంచి పిల్లల్ని ఆ రోజే బండిలో లోయలోకి దించేస్తుంది. రెండు మూడు రాత్రులు అక్కడే ఉంచి, తర్వాతే పైకి తీసుకెళ్తుంది. దిగిన రోజు సాయంత్రమే కుస్కోలో నగర దర్శనం, మర్నాడు పని అని ఉంటే ఆ షెడ్యూల్ రాసినవాళ్ళకు పిల్లల ఆరోగ్యం గుర్తులేదు. టిటికాకా అయితే చివర్లో ఉండాలి, మొదట్లో కాదు.

ఎత్తుకి వాడే డయామాక్స్ లాంటి మందు డాక్టర్ని అడగకుండా ఇవ్వకండి, సల్ఫా మందులు పడని పిల్లలుంటే ముందే చెప్పండి. ఆస్తమా ఉన్న పిల్లలకు డాక్టరు చూసి సరే అన్నాకే డబ్బు కట్టండి. కోకా ఆకుల (కొకైన్ తీసేది వీటినుంచే) టీ అక్కడ ప్రతి ఇంట్లో ఇస్తారు, వాళ్ళకది మన అల్లం టీ లాంటిది. కానీ టీనేజ్ క్రీడాకారులకు డ్రగ్ టెస్టులుంటే అందులో పట్టుబడుతుంది. ఆ ఆకులు గానీ టీ పొట్లాలు గానీ అమెరికాకు తేవడం నేరం. సూట్‌కేసులో జ్ఞాపకంగా ఒక్క పొట్లం కూడా వద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

చలి సంగతి. జూన్, జూలై మనకు సమ్మర్, వాళ్ళకు చలికాలం. వానలుండవు, పగలు చురుక్కుమనే ఎండ, రాత్రి కుస్కోలో సున్నా దాకా పడిపోతుంది. పల్లె ఇళ్ళల్లో హీటర్లుండవు, బరువైన దుప్పట్లు ఉంటాయి.

భాష విషయంలో మన పిల్లలకున్న ఒక సౌకర్యం

ఇది ఏ కార్యక్రమం పుస్తకంలోనూ రాయరు, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తున్నాను. ఆండీస్ పల్లెల్లో ఇంటి భాష కెచువా. పెరూ 2017 జనాభా లెక్కల ప్రకారం దాన్ని మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 37 లక్షలకు పైనే. 1975లో అక్కడ అధికార భాష హోదా ఇచ్చారు. దానికీ తెలుగుకీ చుట్టరికం ఏమీ లేదు. కానీ అమరిక చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. క్రియ సాధారణంగా వాక్యం చివర్లోనే వస్తుంది. మన విభక్తుల్లాగే మాట చివర ప్రత్యయాలు తగిలిస్తారు. వాసి అంటే ఇల్లు. వాసిపి అంటే ఇంట్లో, వాసిమన్ అంటే ఇంటికి, వాసిమంత అంటే ఇంటి నుంచి.

ఇంకా బాగున్నది, మనం, మేము అనే తేడా. ఇంగ్లీషులో లేదు, స్పానిష్‌లో లేదు. కుస్కో కెచువాలో ఉంది. నువ్వూ నేనూ కలిసి అయితే నొఖాంచిస్, నిన్ను పక్కన పెట్టి మేమే అయితే నొఖాయ్కు. మావాడి బృందంలో మిగతా పిల్లలకు టీచరు బొమ్మలు గీసి చెప్పాల్సి వచ్చిందట. మావాడికి ఒక్క నిమిషంలో ఎక్కింది. ఇంట్లో తెలుగులో మాట్లాడమంటే ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు, ఆ రాత్రి ఫోన్ చేసి "అమ్మా, వాళ్ళకీ మనం, మేము ఉన్నాయి!" అని తెలుగులోనే అరిచాడు. అలాగే తాను కళ్ళారా చూసిన సంగతికి ఒక ప్రత్యయం, ఎవరో చెప్పగా విన్నదానికి ఇంకో ప్రత్యయం ఉంటాయి. రెండోది మన "వచ్చాడట"లోని అట పనే చేస్తుంది. ఎక్వడార్‌లో మాట్లాడే దాని రూపం కిచువాలో మనం, మేము తేడా పోయింది, అక్కడ రెంటికీ ఒకే మాట.

కాబట్టి స్పానిష్ క్లాసులతో పాటు రోజుకో అరగంటైనా కెచువా పెట్టే కార్యక్రమం దొరికితే దానికి నా ఓటు. ఇంట్లో తెలుగు వినే పిల్లలకు అక్కడ తమ భాష ఒక బలం అవుతుంది. నగరం హాస్టల్లో పన్నెండు మంది ఇంగ్లీషు పిల్లల మధ్య ఉంటే ఇదేదీ జరగదు. మా అమ్మాయి 10 రోజుల్లో నేర్చుకున్న స్థానిక మాటలు నాలుగు.

శాకాహారులకు

బతకొచ్చు, కష్టం లేదు. దుంపలు, కిన్వా, పెద్ద గింజల మొక్కజొన్న, జున్ను, అన్నం, పప్పులు ఇంటింటా ఉంటాయి. చిక్కు ఎక్కడంటే సూపుల్లో. కిన్వా సూప్ అని ఇస్తారు, అది కోడి ఎముకలు మరిగించిన నీళ్ళతో చేసి ఉండొచ్చు. "మాంసం లేకుండా" అంటే కొన్నిచోట్ల కోడి లెక్కలోకి రాదు. కోడి, చేప, మాంసం రసం ఏవీ వద్దని విడివిడిగా స్పానిష్‌లో రాసి పిల్లల జేబులో పెట్టండి. పండగ రోజుల్లో కూయ్ అనే గినీపందిని కాల్చి వడ్డిస్తారు, వాళ్ళు అతిథికి చేసే పెద్ద మర్యాద అది. తినని పిల్లలు మొహం చిట్లించకుండా ఎలా వద్దనాలో ముందే మాట్లాడుకోవాలి. ఇంటి కుటుంబానికి రెండు నెలల ముందే తెలిస్తే వాళ్ళకూ ఇబ్బంది ఉండదు. దీవుల మీదైతే కూరగాయల రకాలు తక్కువ, రోజూ దుంపలూ సూపే.

కాగితాల దగ్గర దెబ్బతినకండి

భారతీయ పాస్‌పోర్టు ఉండి, అమెరికా, కెనడా, యూకే, ఆస్ట్రేలియా, యూరప్‌లోని షెంగెన్ దేశాల్లో దేనిదైనా కనీసం 6 నెలల గడువున్న వీసా గానీ శాశ్వత నివాసం గానీ ఉంటే పెరూకి పర్యాటక వీసా అక్కర్లేదు. లేకపోతే ఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయంలో వీసా తీసుకోవాలి. ఎక్వడార్ 2019లో భారతీయులకు వీసా తప్పనిసరి చేసింది, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే ముందు వాళ్ళ కాన్సులేట్‌లో అడగాలి.

హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకు అమెరికా ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇది రెండుసార్లు చదవండి. ఇక్కడే స్టేటస్ పొడిగించుకుని, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయిన పిల్లలు పెరూ వెళ్తే తిరిగి రావడానికి కొత్త వీసా స్టాంపింగ్ కావాలి. కెనడా, మెక్సికోలకు చిన్న ట్రిప్పులకు ఉండే వెసులుబాటు పెరూకి వర్తించదు. బృందమంతా విమానం ఎక్కి, మన పిల్ల ఒక్కతే లీమాలో ఆగిపోయే పరిస్థితి ఎవరికీ వద్దు.

హైదరాబాద్, విజయవాడ నుంచి పంపేవాళ్ళకు వేరే విషయం ఉంది. పెరూ, ఎక్వడార్, బొలీవియా నుంచి వచ్చేవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా పత్రం చూపించాలని భారత్ నిబంధన. ఎత్తైన కుస్కోలో ఆ జ్వరం లేకపోయినా, తిరిగి వచ్చేటప్పుడు పత్రం లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేయించిన 10 రోజులకు గానీ పత్రం చెల్లదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. అమెరికా నుంచి పెరూ వెళ్ళి, ఆ వెంటనే అమ్మమ్మగారింటికి ఇండియా వచ్చే పిల్లలు కూడా ఇది మర్చిపోకూడదు.

మన రాష్ట్రాల్లో బడి సెలవులు ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం వరకు. ఒక రకంగా అది మంచి సమయమే. మే నెలలో అక్కడ వానలు ఆగిపోయి, కొండలింకా పచ్చగా ఉంటాయి, బడులు నడుస్తుంటాయి, రద్దీ మొదలవదు. కానీ నేరుగా వెళ్ళే విమానం లేదు, ప్రయాణం 30 గంటలు దాటుతుంది, అమెరికా మీదుగా మారితే అమెరికా వీసా కావాలి. రెండు వారాల కోసం అంత దూరం వద్దు, కనీసం మూడు వారాలైనా ఉండేలా చూడండి.

తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసి నోటరీ చేయించిన అనుమతి పత్రం, దానికి స్పానిష్ అనువాదం, ఎత్తు ప్రాంతం నుంచి తరలింపు ఖర్చు కూడా భరించే బీమా. ఈ మూడూ ఎటు వెళ్ళినా ఉండాల్సిందే.

డబ్బు, కాలేజీ అప్లికేషన్

అమెరికా సంస్థల రెండు వారాల కార్యక్రమాలు 3,000 డాలర్ల దగ్గర మొదలై 6,000 దాకా వెళ్ళేవీ ఉంటాయి, విమానం వేరు. ఖరీదు ఎక్కువైతే మంచిదని కాదు. అందులో ఇల్లిచ్చే కుటుంబానికి రాత్రికి ఎంత వెళ్తుందో అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి. అమంతానిలో అతిథులను ఇళ్ళవాళ్ళు వంతులవారీగా తీసుకుంటారు, అందువల్ల డబ్బు ఒక్క ఇంటికే పోకుండా తిరుగుతుంది. అది నాకు బాగా నచ్చిన పద్ధతి.

కాలేజీ కోసమే పంపుతున్నామనే తల్లిదండ్రులకు ఒక మాట. 2016లో హార్వర్డ్ విద్యా విభాగం నుంచి వచ్చిన నివేదికలో, దూరదేశంలో చేసే ఖరీదైన సేవ కంటే సొంత ఊళ్ళో ఏడాదిపాటు నిలకడగా చేసే పనికి విలువివ్వాలని అడ్మిషన్ ఆఫీసులకే సూచించారు. మీ ఊరి ఫుడ్ బ్యాంక్‌లో శనివారాలు పనిచేసే పిల్లవాడు ఏ విధంగానూ వెనకబడడు. ఆండీస్‌కి పంపితే ఆండీస్ కోసం పంపండి.

ఎవరికి ఏది

మొదటిసారి ఒంటరిగా వెళ్ళే 14 నుంచి 16 ఏళ్ళ పిల్లలకు, శాకాహార కుటుంబాలకు పవిత్ర లోయ. ఉండేది ఒయాంటాయ్‌టాంబో లేదా ఉరుబాంబ వైపు, రెండు వారాలకు తక్కువ కాకుండా, ఇంటికి ఇద్దరు పిల్లల చొప్పున. ఒక్కరినే ఉంచితే బెంగ పడతారు, నలుగురైతే వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు. కుటుంబాలను, ఇళ్ళను సంస్థ ఎలా పరిశీలించిందో, రాత్రివేళ బృందం నాయకుడు ఎంత దూరంలో ఉంటాడో, దగ్గరి ఆసుపత్రి ఎక్కడో కాగితం మీద తీసుకోండి.

స్పానిష్ రెండేళ్ళు చదివిన, ఎత్తంటే ఇబ్బందిపడే పిల్లలకు ఒటవాలో నిజానికి మంచి చోటు. నేతా, సంగీతమూ, జూన్ చివర్లో సూర్యుడికి చేసే ఇంతి రైమి వేడుకలూ ఉన్నాయి. మగపిల్లలు కూడా పొడుగు జడలతో తిరుగుతారు. ఖర్చుకు డాలర్లే చెల్లుతాయి. అయితే 2024 జనవరిలో ఎక్వడార్ ప్రభుత్వం ముఠాల మీద అంతర్గత సాయుధ పోరాటం ప్రకటించింది. ఆ గొడవలు ఎక్కువగా తీర నగరాల్లోవే అయినా, పంపే నెలలో అమెరికా విదేశాంగ శాఖ సూచన ఏముందో చూడకుండా నిర్ణయించవద్దు.

టిటికాకా ఒంటరి టీనేజర్ల మొదటి ప్రయాణానికి వద్దంటాను. ఎత్తు ఎక్కువ, సరస్సు ఒడ్డునున్న పూనో ఊరి నుంచి అమంతానికి పడవలో మూడు గంటల పైమాట, రాత్రి జబ్బు చేస్తే వెంటనే దిగి రావడం కష్టం. 17 దాటిన, ఇప్పటికే లోయలో రెండు వారాలు గడిపిన పిల్లలకు చివరి మూడు రోజులుగా అయితే చాలా బాగుంటుంది. తకీలెలో మగవాళ్ళు నడుస్తూ కూడా టోపీలు అల్లుతుంటారు. ఆ నేత కళను యునెస్కో 2005లో గుర్తించింది. మగపిల్లలకు అది ఒక్కసారైనా చూపించాలి.

ఇక కుస్కో నగర ప్యాకేజీ. వారం పది రోజులే సమయం ఉండి, పిల్లలకు ఇంట్లో వేరేవాళ్ళతో ఉండటం అస్సలు పడదంటే తీసుకోండి, కానీ "సేవ" అనే మాట తీసేసి చరిత్ర, స్పానిష్ ఉండే కోర్సు వెతకండి. జూన్ 24న సాక్సాయ్‌వమాన్ కోట దగ్గర ఇంతి రైమి చూడొచ్చు, వస్త్రాల కేంద్రంలో నేత నేర్చుకోవచ్చు. అది నిజాయితీగా ఉంటుంది. మచు పిచ్చు టికెట్లు సమయాల ప్రకారం ఇస్తారు, జూలైవి చాలా ముందే అయిపోతాయి, ఏ కార్యక్రమమైనా టికెట్ కొన్నాకే మీకు హామీ ఇవ్వాలి.

ఇంటివాళ్ళకు ఏం పంపాలని అందరూ అడుగుతారు. చాక్లెట్లు, బొమ్మలు వద్దు. మావాడితో నేను మా అమ్మా నాన్నల పొలం ఫోటోలు, కంది, మినుము గింజలు చూపించే ఫోటోలు, మా ఇంటి వంటింటి ఫోటో ఒకటి ప్రింట్ చేయించి పంపాను. విత్తనాలు మాత్రం పంపకండి, కస్టమ్స్‌లో ఒప్పుకోరు. ఆ ఇంటి పెద్దావిడ రోట్లో పచ్చడి నూరుతున్న మా అమ్మ ఫోటో చూసి, లేచి వెళ్ళి తన బతాన్ రాయి మీద చెయ్యి వేసి చూపించిందట. ఆ ఫోటో ఇప్పుడు వాళ్ళ వంటింటి గోడకు ఉంది.